సీటు మీద తువ్వాలు

నేను ఒక తువ్వాలుని. ఎర్రగళ్ళ తువ్వాలుని. మీరు నన్ను చూసే ఉంటారు. బస్టాండులో బస్సు వచ్చి ఆగీ ఆగకముందే కిటికీలోంచి ఒక గుడ్డ లోపలికి ఎగిరి సీటు మీద పడుతుంది చూడండి, ఆ గుడ్డ నేనే, లేకపోతే నాలాంటిది ఇంకోటి. నన్ను చూసి మీరు లోలోపల తిట్టుకునే ఉంటారు. తిట్టుకున్నారే గాని నన్ను తీసి పక్కన పెట్టి ఉండరు. ఆ సంగతే నాలుగు మాటలు చెప్పుకుందామని మొదలుపెట్టాను.

చీరాల పక్కన ఒక నేతపల్లెలో గుంట మగ్గం మీద పుట్టాను. నన్ను నేసినాయన పేరు బుచ్చిలింగం. ఆయన భార్య పక్కనే కూర్చుని కండెలు చుట్టేది. ఒకే పడుగు మీద వరసగా చాలామందిమి పుట్టాం, అందులో నేను నాలుగోదాన్నో అయిదోదాన్నో. కోసి మడత పెట్టేటప్పుడు బుచ్చిలింగం నన్ను చెంపకు ఆనించుకుని, "మెత్తగా వచ్చిందే! ఎవరి మొహం తుడుస్తుందో" అన్నాడు. ఓహో, నేను మొహాలు తుడవడానికి పుట్టానన్నమాట అనుకున్నాను. చాలా కాలం అదే నమ్మకంతో ఉన్నాను.

మొహం దాకా చేరడం అంత తేలిక కాదని తర్వాత తెలిసింది. కొట్టాయన నన్ను ఒక పంచెతో జత చేసి ప్లాస్టిక్ కవర్లో పెట్టి అమ్మాడు. కొన్నవాళ్ళు ఒక గృహప్రవేశంలో బొట్టు పెట్టి ఎవరికో పెట్టారు. వాళ్ళు నన్ను విప్పలేదు. ఏడాది పాటు బీరువాలో ఉంచి ఒక ఒడుగులో ఇంకొకరికి పెట్టారు. వాళ్ళూ విప్పలేదు. చివరికి ఒక పెళ్ళిలో నన్ను అందుకున్న ఇల్లాలు కవరు అటూ ఇటూ తిప్పి చూసి, "ఏవండీ, ఇది ముందటేడు మనం పాపయ్య బాబాయి వాళ్ళకు పెట్టిందే కదా" అని మొగుడి చెవిలో అంది. నిజమే. తిరిగి తిరిగి కొన్నవాళ్ళింటికే చేరాను. మనుషులు ఒకరినొకరు గౌరవించుకోవడంలో నేను మూడు ఊళ్ళు తిరిగాను, ఒక్క చెంప తాకకుండా.

ఆ మొగుడి పేరు చెంచురామయ్య. కవరు చించి నన్ను బయటికి తీసిన మొదటి మనిషి ఆయనే. ఒంగోల్లో ఒక ప్లీడరుగారి దగ్గర గుమస్తా. ఉండేది పొదిలిలో. రోజూ పొద్దున బస్సులో వచ్చి, సాయంత్రం నాలుగున్నర బస్సులో తిరిగి వెళతాడు. మనిషి చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెబుతున్నాను. ఇంట్లో గొంతు పెంచడు. పేదవాళ్ళెవరన్నా వస్తే అర్జీ ఊరికే రాసి పెడతాడు. బస్టాండు గేటు దాటాడంటే మాత్రం ఆయన వేరే మనిషి. ఇది ఆయన ఒక్కడి సంగతి కాదు. ఇంటి దగ్గర మర్యాద తెలిసినవాళ్ళు ఎంతమంది ఆ గేటు దగ్గర మర్యాదను చెప్పుల్లా విడిచి లోపలికి వస్తారో నేను చూశాను.

మొదటి రోజే ఆయన నా ఒక మూలకు గట్టి ముడి వేశాడు. ముడి లేని తువ్వాలు గాలికి తేలిపోతుంది. ముడి ఉంటే రాయిలా పోయి అనుకున్నచోట పడుతుంది. బస్సు మలుపు తిరిగి లోపలికి వస్తుంటే ఆయన పక్కనే పరుగెత్తేవాడు, నన్ను చేతికి చుట్టుకుని. తలుపు వైపు నుంచి మూడో కిటికీ. అక్కడ విసిరేవాడు. ఆరేళ్ళలో గురి తప్పింది నాలుగైదుసార్లే. విసిరాక ఇక తొందర లేదు. టీ తాగుతాడు, మిరపకాయ బజ్జీ తింటాడు, పేపరు చదివినవాళ్ళతో రాజకీయం మాట్లాడతాడు. లోపల జనం ఒకరినొకరు తొక్కుకుంటూ ఉంటారు. నేను మాత్రం దర్జాగా కాళ్ళు చాపుకుని పడుకుని ఉంటాను.

ఈ విసరడానికి ఒక పద్ధతి ఉంది. ఎవరూ రాసి పెట్టలేదు, అందరికీ తెలుసు. రుమాలు కన్నా తువ్వాలు ఎక్కువ. తువ్వాలు కన్నా సంచి ఎక్కువ. పేపరు వేస్తే అది గాలికి పోయిందని చెప్పి కింద పడేస్తారు. చెప్పు వేసేవాళ్ళూ ఉన్నారు గాని, చెప్పు వేసినవాడు సీటు దాకా కుంటుకుంటూ రావాలి. ఒకసారి ఒకాయన ఏదీ లేక జేబులోంచి దువ్వెన తీసి వేశాడు. దాన్ని కూడా గౌరవించారు. నాకు ఎప్పటికీ అర్థం కానిది ఇదే. సీటు పక్కన మనిషి నిలబడితే లెక్క లేదు. సీటు మీద దువ్వెన ఉంటే లెక్క ఉంది.

ఆరేళ్ళు ఆ సీట్లలో పడుకుని నేను చూసినవి అన్నీ చెబితే మీకు విసుగొస్తుంది. నాకు ఎప్పుడో వచ్చింది. పక్కవాడి చెవి దగ్గర ఫోను పెట్టి బస్సంతటికీ పాట వినిపించేవాడు ఒకడు. ఆ ఫోన్లోనే పెళ్ళాంతో దెబ్బలాడుతూ, ఆమె తిట్లు కూడా మనకే వినిపించేవాడు ఇంకొకడు. వేరుశనక్కాయలు తిని తొక్కలు ముందువాడి సంచిలో పోసేవాళ్ళు. ముగ్గురు కూర్చునే చోట కాళ్ళు బార్లా చాపి ఇద్దరికి సరిపోయేటట్టు కూర్చునే పెద్దమనుషులు. కిటికీలోంచి ఉమ్మితే గాలికి అది వెనక కిటికీలో కూర్చున్నవాడికి తగులుతుందని యాభై ఏళ్ళొచ్చినా తెలియనివాళ్ళు. లోపల చోటున్నా తలుపు దగ్గరే వేలాడుతూ, ఎక్కేవాళ్ళందరి మీదా విసుక్కునేవాళ్ళు. ఇవన్నీ పెద్ద నేరాలు కావు. ఒక్కొక్కటి చీమంత. అయితే ఆ చీమలన్నీ రోజూ ఒకే మనిషి మీద పాకితే ఎట్లా ఉంటుందో నాకు దయామణి చెప్పింది.

దయామణిది పొదిలి దాటాక ఒక చిన్న ఊరు. నలభై అయిదేళ్ళుంటాయి. భర్త పోయాడు. భర్త చెల్లెలు సుగుణతో కలిసి ఉంటుంది. దయామణికి రెండు కిడ్నీలూ పని చెయ్యవు. వారంలో మూడు రోజులు, సోమ, బుధ, శుక్రవారాలు ఒంగోలు వచ్చి డయాలసిస్ చేయించుకోవాలి. నాలుగు గంటలు మిషను పక్కన పడుకుంటే ఒంట్లో నీరూ చెడూ తీసేస్తారు. అది మానితే వారం, పది రోజులు. అంతే. ఎడమచేతి నరంలో రెండు లావుపాటి సూదులు గుచ్చుతారు, తీశాక దూది పెట్టి పట్టీ వేస్తారు. ఆ నరం మామూలు నరం కాదు, ఆపరేషను చేసి పెద్దది చేసినది. దాని మీద దెబ్బ తగిలి పట్టీ ఊడిందంటే రక్తం ఆగదు. మిషను మీంచి లేచాక కళ్ళు తిరుగుతాయి, కాళ్ళల్లో బలం ఉండదు. అట్లా వచ్చి నాలుగున్నర బస్సు ఎక్కుతుంది. ఎక్కువసార్లు సుగుణ తోడు వస్తుంది. సుగుణ మోచేతులతో తోసి ఎక్కడో ఒకచోట వదినను కూర్చోబెట్టేది.

ఆ సోమవారం సుగుణ రాలేదు. పొగాకు గ్రేడింగు పని మొదలైన మొదటి రోజు. మొదటి రోజు పోకపోతే వరసలోంచి పేరు తీసేస్తారు. దయామణి ఒక్కతే ఎక్కింది.

నేను మూడో కిటికీ దగ్గర, ఇద్దరి సీట్లో ఇవతల పక్కన పడుకుని ఉన్నాను. కిటికీ వైపు ఒకాయన ఫోనులో వీడియో చూసుకుంటున్నాడు. దయామణి వచ్చి నా పక్కన నిలబడింది. కుడిచేత్తో సీటు కడ్డీ పట్టుకుంది. ఎడమ చెయ్యి కొంగు కింద దాచుకుంది.

"ఇక్కడెవరన్నా ఉన్నారా అయ్యా?" అని అడిగింది.

ఆయన ఫోన్లోంచి తల ఎత్తకుండానే, "తువ్వాలుంది కదమ్మా" అన్నాడు.

నిజమే, తువ్వాలుంది. మనిషి లేడు. బస్సు కదిలింది. చెంచురామయ్య ఎక్కలేదు. టీ కొట్టు దగ్గర ఎవరో పాత క్లయింటు చెయ్యి పట్టుకుని ఆపాడట, ఆ సంగతి తర్వాత తెలిసింది. బస్సు గేటు దాటింది. నేను ఒక్కదాన్నే సీట్లో, టిక్కెట్టు లేకుండా.

"ఆయన రాలేదేమో" అంది దయామణి.

వెనక సీట్లోని పెద్దావిడ, "వెనక ఎక్కుంటాడులేమ్మా. ఆ తువ్వాలాయన చాలా గట్టోడు. మొన్న ఒకామె తీసి కూర్చుంటే చెడామడా తిట్టాడు" అంది.

ఆ ఒకామె దయామణే. నెల కిందట నన్ను మడిచి కిటికీ అంచున పెట్టి కూర్చుంది. చెంచురామయ్య వచ్చి, "కళ్ళు కనపడవా? ఇంగితం ఉండక్కర్లా?" అని బస్సంతా వినేట్టు అరిచాడు. ఆమె జబ్బు సంగతి చెప్పలేదు. లేచి నిలబడింది. ఆ రోజు నుంచి ఆమె సీటు మీద ఉన్న ఏ గుడ్డనూ ముట్టుకోలేదు.

పెద్దావిడకు మాట్లాడడం ఇష్టం. "చేతికేందమ్మా ఆ కట్టు?" అని అడిగింది. దయామణి చెప్పింది. "అయ్యయ్యో! ఎన్నాళ్ళనించి? కొండపిండాకు రసం తాగి చూశావా? మా ఆడబిడ్డ తోడికోడలికి దానితోనే తగ్గింది. ఉప్పు మానేశావా? నీళ్ళు బాగా తాగాల." నీళ్ళు తాగితేనే దయామణికి ప్రాణం మీదికి వస్తుంది. ఆమె తల ఊపింది. "మీరేమిట్లమ్మా?" అని కులం ఆరా తీసింది పెద్దావిడ. "మేము చర్చికి పోతామమ్మా" అంది దయామణి. "ఓహో" అని పెద్దావిడ కొంగు కాస్త ఇటు లాక్కుంది. జబ్బు అంటుతుందనో, ఇంకేదన్నా అంటుతుందనో నేను చెప్పలేను. ఇంత మాట్లాడింది గాని కూర్చున్నచోటి నుంచి మాత్రం కదల్లేదు.

కండక్టరు కాశింబీ టిక్కెట్లు కొడుతూ జనంలో ఈదుకుంటూ మా దగ్గరికి వచ్చింది. నన్ను చూసి, "ఎవరిదీ తువ్వాలు?" అని కేకేసింది.

"వస్తన్నాడు, వస్తన్నాడు!" అని వెనక నుంచి ఎవరిదో గొంతు.

ఆ గొంతు ఎవరిదో నాకు తెలియదు. చెంచురామయ్యది మాత్రం కాదు. ఊరికే అన్నాడు. ఏదో ఒకటి అనడం అలవాటు. కాశింబీని జనం ముందుకు తోసేశారు. ఆమె వెనక్కి రాలేకపోయింది.

సంతనూతలపాడు దాటింది. ఇంకా నేను కూర్చునే ఉన్నాను, ఆమె నిలబడే ఉంది. ఆమె పెదాలు తెల్లగా పాలిపోయాయి. నుదుటి మీద చెమట బొట్లు బొట్లుగా పట్టింది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. నేను అర మూర దూరంలో ఉన్నాను. నాకు కాళ్ళుంటే లేచి పోయేదాన్ని. నోరుంటే రండమ్మా అనేదాన్ని. నేను గుడ్డను. విసిరినచోట పడి ఉండడం తప్ప నాకేం చేతనవును? బస్సులో నోరూ కాళ్ళూ ఉన్నవాళ్ళు డెబ్బై మంది ఉన్నారు. వాళ్ళూ నాలాగే పడి ఉన్నారు.

చీమకుర్తి ఇంకా రాలేదు. రాళ్ళ లారీ ఒకటి అడ్డం వచ్చి డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. తలుపు వైపు తోసుకుంటూ పోతున్న ఒకడి మోచెయ్యి ఆమె ఎడమచేతికి తగిలింది. ఆమె నిలువునా కిందికి జారిపోయింది. పట్టీ ఊడింది. రక్తం మామూలుగా కారలేదు, చిమ్మింది.

అప్పుడు చూడాలి మీరు. ఒక్కసారిగా ఆరుగురు లేచారు. "ఇక్కడ కూర్చోబెట్టండి!" "ఇక్కడ, ఇక్కడ!" "గాలి రానివ్వండి!" ఒక మనిషి పడిపోతే ఆరు సీట్లు ఖాళీ అయ్యాయి. నిలబడి ఉన్నంతసేపు ఒక్కటీ కాలేదు.

కాశింబీ జనాన్ని తోసుకుంటూ వచ్చి నన్ను లాక్కుని, ముడి విప్పి, నాలుగు మడతలు వేసి ఆ చేతి మీద అదిమిపెట్టింది. ఎంతసేపో తెలియదు. మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో అదిమింది. వెచ్చగా నాలోకి ఇంకింది. బుచ్చిలింగం చెప్పిన పని అది కాదు గాని, పుట్టి ఇన్నేళ్ళకు ఒక మనిషికి పనికొచ్చాను. చీమకుర్తిలో బస్సు ఆపి ఒక ఆసుపత్రిలో కట్టు కట్టించారు. దయామణి నాతోనే ఇంటికి వెళ్ళింది, చేతికి చుట్టుకుని.

సుగుణ నన్ను చన్నీళ్ళలో నానబెట్టి, సబ్బు పెట్టి, మళ్ళీ నానబెట్టి ఉతికింది. గోధుమరంగు మరక ఒకటి మిగిలిపోయింది.

మంగళవారం సాయంత్రం దయామణి మంచం మీద కూర్చుని చెప్పింది. "సుగుణా, ఇక నేను పోను."

"ఏడికి?"

"ఒంగోలు. ఇక చాలు."

సుగుణ చేటలో బియ్యం ఏరుతూ ఆగిపోయింది. "సూదులు నొప్పిగా ఉన్నాయా వదినా? డాక్టరుకు చెబుదాం."

"సూదులకు నేనేం అలిసిపోలా. ఆ మిషను కాడ నాలుగు గంటలూ నాకు సుఖమే, పడుకుంటా గదా. నేను జనానికి అలిసిపోయా. రోజూ అడగాల. జరగండయ్యా అని అడగాల, ఎవరన్నా ఉన్నారా అని అడగాల, జబ్బమ్మా అని చెప్పుకోవాల. చెప్పుకుంటే జాలిగా చూసి మందు చెబుతారు. చెప్పుకోకపోతే తిడతారు. నా ప్రాణం నేను అడుక్కుని బతకలేను."

"చచ్చిపోతావే వదినా!"

"నిలబడి చచ్చేకన్నా పడుకుని చస్తా."

సుగుణ ఏడ్చింది, తిట్టింది, పాస్టరుగారిని తీసుకొచ్చింది. దయామణి కదల్లేదు. బుధవారం పోనేలేదు. గురువారానికి పాదాలు ఉబ్బి చెప్పులు పట్టలేదు. ఆ రోజు సాయంత్రానికి పడుకుంటే ఊపిరి ఆడలేదు. గోడకు ఆనుకుని కూర్చుని ఎగపోస్తుంటే సుగుణ ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"పడుకుని చస్తానన్నావు. పడుకోలేకపోతున్నావుగా? ఇప్పుడేం చేస్తావు?"

దయామణికి నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చింది.

"రేపు పోదాం" అంది సుగుణ. "వచ్చేటప్పుడు నీ సీటు పూచీ నాది. నువ్వెవర్నీ అడగబళ్ళేదు."

"గ్రేడింగు పని?"

"పేరు తీసేస్తే తీసేసుకోనీ."

శుక్రవారం సాయంత్రం నాలుగుంబావుకి సుగుణ నన్ను చంకలో పెట్టుకుని బస్టాండులో నిలబడింది. పాత ముడి వేసిన చోటే వెతికి మళ్ళీ ముడి వేసింది. దయామణి సిమెంటు దిమ్మ మీద కూర్చుని చూస్తోంది.

"మనమూ అదే పని చెయ్యాల్నా సుగుణా?"

"చెయ్యాల. ముందు బతుకుదాం. మంచోళ్ళం తర్వాత అవుదాం."

పొగాకు ఆకును వేలితో తడిమి రకం చెప్పగలిగిన చెయ్యి సుగుణది. విసరడం మాత్రం రాదు. మొదటిసారి నేను కిటికీ రేకుకు తగిలి కింద పడ్డాను. రెండోసారి, దిగడానికి లేస్తున్న ఒక ముసలాయన నెత్తి మీద పడ్డాను. ఆయన నన్ను తీసుకుని, చల్లగా మొహం తుడుచుకుని, కిటికీలోంచి తిరిగి ఇచ్చి, "దేవుడు చల్లగా చూడాలి తల్లీ" అన్నాడు. నా జన్మలో తుడిచిన మొదటి మొహం అదే. మూడోసారి సీటు మీద పడ్డాను. అదే మూడో కిటికీ.

సుగుణ వదినను నడిపించుకుని ఎక్కి నా దగ్గరికి చేరేసరికి అక్కడ చెంచురామయ్య ఉన్నాడు.

ఆయన ఆ రోజు పేపరు వేసుకున్నాడు, రెండు వరసల వెనక. దాని దగ్గరికి పోతూ నన్ను చూశాడు. ఆగిపోయాడు. నన్ను ఎత్తి ముడి మూల తడిమాడు. ఆరేళ్ళు ముడి వేసిన మూల, నలిగి కాస్త చిరిగి ఉంటుంది. ఆయన వేలికి అది తెలుసు.

"ఇది నా తువ్వాలే! సోమవారం పోయింది. నీకెక్కడిదమ్మా?" అన్నాడు సుగుణతో.

"నీదా?" అంది సుగుణ. ఆ ఒక్క మాటలో ఎంత కోపం ఉందో ఆయనకు తెలియలేదు.

"నాది కాక! ఎవర్నన్నా అడుగు. ఇక్కడ అందరికీ తెలుసు. తువ్వాలు నాది, కనక సీటూ నాదే" అని కూర్చోబోయాడు. ప్లీడరు గుమస్తా కదా, వాదన అట్లాగే వస్తుంది.

బస్సు బస్సంతా న్యాయస్థానమైంది. ఫోన్లు చూసుకునేవాళ్ళు కూడా తలలెత్తారు.

"తువ్వాలాయనదైతే సీటు ఆయనదే గదా."

"వేసింది ఆమె గదయ్యా!"

"వేసినోళ్ళదా, కొన్నోళ్ళదా? అది తేలాల ముందు."

"రేపు నీ చెప్పు ఎవడో వేస్తే వాడికిస్తావా సీటు?"

"నా చెప్పు నా కాలికే ఉంటదిలే బావా, నువ్వు నీ సంగతి చూసుకో."

అందరూ నవ్వారు. వాదన బాగా రక్తికట్టింది. నా గురించే. నన్ను అటు లాగారు, ఇటు లాగారు. దయామణి కడ్డీ పట్టుకుని నిలబడే ఉంది. బస్సులో ఇన్ని బుర్రలు ఇంత సూక్ష్మంగా ఆలోచిస్తున్నాయి, ఆమె వైపు ఒక్క బుర్రా తిరగలేదు.

కాశింబీ వచ్చింది. విషయం విని, నన్ను అందుకుంది.

"చెంచురామయ్య గారూ, సోమవారం మీరు ఈ బస్సు ఎక్కారా?"

"ఎక్కితే తువ్వాలెందుకు పోతుందమ్మా? టీ తాగుతుంటే మీరు బస్సు తీసేశారు."

"మరి మీ సీట్లో ఎవరు కూర్చున్నారు?"

"నాకేం తెలుసు? ఎవరో కూర్చుని ఉంటారు."

"ఎవరూ కూర్చోలా" అంది కాశింబీ. "మీ తువ్వాలే కూర్చుంది. చీమకుర్తి దాకా ఒక్కటే కూర్చుంది. ఈమె మిషను మీంచి లేచొచ్చి దాని పక్కన నిలబడింది. నిలబడి నిలబడి పడిపోయింది." నన్ను విప్పి ఆయన ముందు పరిచింది. "ఇది టీ మరక కాదు."

చెంచురామయ్య మరకను చూశాడు. దయామణి చేతి మీది కట్టును చూశాడు. సుగుణ ఏదో అనబోయింది. దయామణి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"మీ తువ్వాలు మీరు తీసుకోండన్నా" అంది దయామణి. "ఉతికాం. ఆ మరకొక్కటే పోలా."

ఆయన తీసుకోలేదు. "కూర్చోండమ్మా" అన్నాడు. పక్కకు జరిగాడు. ఆమె కూర్చుంది.

ఆయన తన పేపరు దగ్గరికి పోయేసరికి దాని మీద ఇంకెవరో కూర్చుని ఉన్నారు. "పేపరా? గాలికి పోయింది సార్" అన్నాడు ఆ కూర్చున్నాయన. ఇంకో రోజైతే చెంచురామయ్య బస్సు ఆపించేవాడు. ఆ రోజు పొదిలి దాకా నిలబడ్డాడు, ఎవరినీ ఏమీ అడగకుండా. ఆయన మారిపోయాడని మీకు చెప్పను. మూడు వారాల తర్వాత కొత్త తువ్వాలు కొన్నాడు. నీలిగళ్ళది. మిగతా రోజుల్లో దాన్ని విసురుతూనే ఉన్నాడట, సోమ, బుధ, శుక్రవారాల్లో మాత్రం విసరడం నేను చూడలేదు. వారానికి మూడు రోజుల మంచితనం. నేను దాన్ని తక్కువ అనను.

దయామణి సంగతి చెప్పాలి.

సుగుణ ఎన్నాళ్ళని పని మానుకుని వస్తుంది? రెండు వారాలు వచ్చింది. ఆ తర్వాత మేస్త్రి కబురు పెట్టాడు. "వెళ్ళు. నేను పోతాను" అంది దయామణి. "పోతావా, పోయినట్టు చెప్పి ఇంట్లో పడుకుంటావా?" అని సుగుణ గట్టిగా అడిగింది. "పోతా" అంది. సుగుణ నమ్మలేదు. నేనూ నమ్మలేదు.

సోమవారం ఆమె ఒక్కతే వచ్చింది. నన్ను విసరడానికి తేలేదు. ముడి విప్పేసింది. కట్టు మీద దెబ్బ తగలకుండా నన్ను చేతికి మెత్తగా చుట్టుకుంది. మిషను మీంచి లేచి, గోడలు పట్టుకుంటూ నడిచి, బస్సు ఎక్కింది. ఎక్కడా ఖాళీ లేదు. ఒక సీటు మీద మాత్రం మనిషి లేడు. నల్ల హెల్మెట్టు ఉంది.

ఆమె ఆగింది. చాలాసేపు ఆగింది. నాకు ఆమె నాడి తెలుస్తూనే ఉంది, ఆ పెద్ద నరం మీదే కదా నేను ఉన్నది. దడదడ కొట్టుకుంటోంది. వెనక్కి తిరుగుతుందనుకున్నాను. దిగిపోతుందనుకున్నాను. దిగిపోతే మళ్ళీ ఎక్కదు, అది ఆమెకూ తెలుసు.

హెల్మెట్టును ఎత్తింది. కూర్చుంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుంది.

కిటికీ బయట నుంచి ఒకడు కేకేశాడు. "ఏయ్ అమ్మా! సీట్లో హెల్మెట్టు ఉంది, కనపళ్ళా?"

"కనపడింది నాయనా" అంది దయామణి. "బాగుంది. ఎవరూ తొక్కకుండా ఒళ్ళో పెట్టుకున్నా. నువ్వొచ్చేదాకా భద్రంగా ఉంటది."

వాడు రుసరుసలాడుతూ ఎక్కి వచ్చాడు. ఆమె రెండు చేతులతో, కానుక ఇచ్చినట్టు, హెల్మెట్టు అందించింది. లేవలేదు. జబ్బని చెప్పలేదు. సారీ అనలేదు. వాడు కాసేపు గొణిగాడు. నిలబడడానికి చోటు వెతుక్కుని, ఏం చెయ్యాలో తోచక హెల్మెట్టు నెత్తిన పెట్టుకున్నాడు. కాశింబీ టిక్కెట్టు కొట్టి ఇచ్చింది. దయామణి మోకాలి మీద ఒకసారి తట్టి ముందుకు పోయింది.

ఆ తర్వాత ఆమె ఒక్క సోమవారమూ, బుధవారమూ, శుక్రవారమూ మానలేదు.

నేను పాతబడిపోయాను. అంచులు పోగులు పోగులుగా ఊడుతున్నాయి. నన్ను ఇప్పుడు ఎవరూ విసరరు. విసిరినా కిటికీ దాకా పోను. మనుషులు బాగుపడతారని ఎదురు చూసే ఓపిక నాకు లేదు. అయినా వాళ్ళను వదిలిపోవాలని కూడా లేదు. ఈ బుధవారం కూడా బస్సు నిండుగానే ఉంది. సీటు పట్టుకుని, కాళ్ళు కొంచెం చాపుకుని, దయామణి నిద్రపోయింది. ఆమె చెయ్యి నా మడతలో ఉంది. పక్కాయన ఫోన్లో పాట గట్టిగా మోగుతూనే ఉంది. ఎవరూ తగ్గించమనలేదు. అయినా ఆమె నిద్ర చెడలేదు.